బోర్లించిన బకెట్

ఆ వీధిలో ఆమెను అందరూ పిల్లలమ్మ అంటారు. కన్నది ఒక్క కూతురినే, పెంచింది మాత్రం పదకొండు మందిని. ముప్పై ఏళ్లుగా ఆమె పని అదే. పొద్దున ఒకరింటికి వెళ్లి, ఆ ఇంటి తల్లి చేతుల్లోంచి బిడ్డను అందుకోవడం, సాయంత్రం మళ్లీ ఆ చేతుల్లోనే పెట్టడం. మధ్యలో పది పదకొండు గంటలు. ఆ గంటల్లో ఏం జరిగిందన్నది పాత రోజుల్లో ఆమె చెబితేనే తెలిసేది. ఎంత చెప్పాలో, ఎంత కడుపులో దాచుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

పదకొండో బిడ్డ ఆడపిల్ల. నాలుగో అంతస్తులో ఇల్లు. తండ్రి ఉద్యోగం పేరున నెలలో ఇరవై రోజులు వేరే ఊళ్లలో ఉంటాడు. తల్లికి బిడ్డ పుట్టిన నాలుగో నెలకే సెలవు అయిపోయింది. ఆఫీసుకు పోను గంట, రాను గంట. వారానికి ఆరు రోజులు. శనివారం ఒక్కటే నాలుగింటికి ఇల్లు చేరుతుంది. మిగతా రోజుల్లో ఆమె వచ్చేసరికి పాప కళ్లు మూతలు పడుతుంటాయి.

పని కుదిరిన రోజునే ఆమె మూడు కెమెరాలు చూపించింది. హాల్లో పుస్తకాల అరమీద ఒకటి, పడకగదిలో పాప మంచం పైన ఒకటి, వంటింటి గూట్లో ఒకటి.

"మీ మీద నమ్మకం లేక కాదు ఆయమ్మా. మధ్యమధ్యలో పాపను చూసుకోకపోతే నాకు ఊపిరాడదు, అంతే."

"పెట్టుకోండమ్మా. నేనేమన్నా దొంగతనానికి వచ్చానా?" అని పిల్లలమ్మ నవ్వేసింది.

మొదటిరోజు మధ్యాహ్నం అరమీంచి మాట వినబడింది. "ఆయమ్మా, పాప కాళ్లకి మేజోళ్లు వెయ్యలేదేం?" పిల్లలమ్మ ఉలిక్కిపడి గుమ్మం దాకా వెళ్లి చూసింది. ఎవరూ లేరు. చివరికి పుస్తకాల వైపు తిరిగి, "వేస్తానమ్మా," అని వినయంగా తలూపింది.

ఆ సాయంత్రం కూతురికి చెప్పింది. "గోడలకు చెవులుంటాయనేవాళ్లు. ఆ ఇంట్లో గోడలకు కళ్లున్నాయి, నోరు కూడా ఉందే."

కూతురు దర్జీ కొట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నోట్లో దారప్పోగు పెట్టుకునే నవ్వింది. "మా నాయనమ్మ పోయి నీకు పీడ వదిలిందనుకున్నా. మళ్లీ అత్త దొరికిందన్నమాట."

"ఒకత్తా? ముగ్గురు!"

అప్పట్నుంచి హాల్లోది పెద్దత్త, పడకగదిలోది నడిపత్త, వంటింట్లోది చిన్నత్త అయ్యాయి. తల్లీకూతుళ్లు రోజూ సాయంత్రం అత్తల కబుర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

నవ్వుకోవడానికి వీల్లేనిది ఒకటుంది. పిల్లలమ్మ మోకాళ్లు. యాభై ఆరేళ్ల మోకాళ్లు, పదకొండు మందిని మోసినవి. పాప నిద్రపోయినప్పుడు సీసాలు కడగాలి, చిన్నబట్టలు మడతపెట్టాలి, బొమ్మలు తుడవాలి. అవన్నీ అయ్యాక కూడా కొంత సమయం మిగిలేది. పనిలో చేరిన రెండో వారంలో ఒక రోజు అలా మిగిలిన సమయంలో సోఫా అంచున కూర్చుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"ఆయమ్మా, ఒంట్లో బాగాలేదా?"

పెద్దత్త గొంతు ఎంతో మెత్తగా వచ్చింది. అందులో కోపం లేదు. పిల్లలమ్మ లేచి నిలబడి, "బాగానే ఉందమ్మా," అని, తుడిచిన బొమ్మలే మళ్లీ తుడిచింది. ఆ తర్వాత తొమ్మిది నెలలపాటు ఆ ఇంట్లో ఆమె సోఫా మీద కూర్చోలేదు.

వంటింటి వెనక బట్టలుతికే చిన్న గది ఉంది. వాషింగ్ మెషీన్, ఒక కుళాయి, బట్టలారేసే తీగలు, కిటికీ. అక్కడికి ఏ అత్త చూపూ ఆనదు. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు, పిల్లలమ్మ పాపను చంకనేసుకుని అక్కడికి వెళ్లేది. ఎర్ర బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేది. పాప ఎదురుగా నేల మీద బట్టల క్లిప్పులతో ఆడుకునేది. ఆ బకెట్ మీద కూర్చున్నప్పుడు కాళ్లలోంచి నొప్పి మెల్లగా జారి నేలలోకి దిగిపోతున్నట్టుండేది. అది విశ్రాంతి అని ఆమె అనుకోలేదు. మనిషి దమ్ము తీసుకోవడం అనుకుంది.

ఈ పని ఆమెకు నేర్పింది ఒక ముసలి ఆయా. పాలు ఎంత వేడి ఉండాలో, త్రేన్పు ఎలా తెప్పించాలో నేర్పాక, చివర ఒక మాట చెప్పింది. "తొలి పన్ను, తొలి మాట, తొలి అడుగు. ఈ మూడూ తల్లి సొత్తు. నువ్వు ముందు చూసినా చూడనట్టే. తల్లి చూసేదాకా నోరు కుట్టేసుకో."

ఆ రోజుల్లో పిల్లలమ్మకు అదేదో చాదస్తంలా అనిపించింది. తర్వాత రెండేళ్లకు, ఒక డాక్టరమ్మ కవలపిల్లల్ని చూసుకుని సాయంత్రం ఇంటికొస్తుంటే అత్తగారు మెట్ల మీదే ఎదురొచ్చింది. "నీ కూతురు పొద్దున నడిచేసింది. నాలుగిళ్లవాళ్లూ వచ్చి చూసి మురిసిపోయారు." పిల్లలమ్మ చెప్పులైనా విప్పకుండా లోపలికెళ్లి, నిద్రమత్తులో ఉన్న పిల్లను లేపి నిలబెట్టి, రా, రా అని చేతులు చాపింది. పిల్ల కూలబడి ఏడ్చింది. మర్నాడు నడిచింది, ఆ మర్నాడూ నడిచింది. కానీ అది తొలి అడుగు కాదు. ముసలి ఆయా మాట అప్పుడు అర్థమైంది.

అప్పట్నుంచి ఎవరి తల్లికీ ఆమె ఆ అన్యాయం చేయలేదు. పన్ను కనబడితే, "చిగురు కాస్త వాచినట్టుందమ్మా, ఓసారి వేలు పెట్టి చూడండి," అనేది. తల్లి వేలికి పన్ను తగిలి కేక వేస్తే, తనూ అప్పుడే తెలిసినట్టు నోరు నొక్కుకునేది. అంతమంది పిల్లలు, అంతమంది తల్లులు. ఒక్కరూ కనిపెట్టలేదు.

ఈ ఇంట్లో అది సాగలేదు. పాప బోర్లాపడిన రోజున తల్లి బూట్లతోనే లోపలికొచ్చి సోఫాలో కూలబడింది. "చూశాను ఆయమ్మా. పదకొండూ పదికి. మీటింగ్‌లో బల్ల కింద ఫోన్ పెట్టుకుని చూశాను. సగం తిరిగాక తెర ఆగిపోయింది. మళ్లీ వచ్చేసరికి బోర్లా ఉంది." ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నా బిడ్డ సంగతులన్నీ నాకు ఫోన్లోనే తెలుస్తున్నాయి."

పాకినప్పుడూ అంతే. మొదటిసారి 'అమ్మ' అన్నప్పుడు కూడా అంతే. పైగా పాప ఆ మాట అన్నది మాట్లాడుతున్న అరమీది డబ్బాతో. ఆ సాయంత్రం పిల్లలమ్మ దారిలో నిర్ణయించుకుంది. అడుగు మాత్రం ఫోన్లోకి పోనివ్వను. ఆ పిల్ల నడిచి తల్లి ఒళ్లోకే వెళ్లాలి.

పాపకు ఏడాది నిండిన పది రోజులకు, ఒక మంగళవారం, బట్టలుతికే గదిలో గోడ పట్టుకుని లేచింది. ఎర్ర బకెట్ మీద పిల్లలమ్మ మోకాళ్లు నొక్కుకుంటోంది. పాప గోడ వదిలేసింది. ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి పిల్లలమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని, తనేం చేసిందో తెలియనట్టు పైకి చూసింది.

పిల్లలమ్మ కేక వేయలేదు. పాప తలను గుండెకు అదుముకుని, చెవిలో అంది. "ఆదివారం దాకా ఆగవే బంగారూ. మీ అమ్మ ఇంట్లో ఉంటుంది."

ఆదివారాలు పిల్లలమ్మకు సెలవు. ఇంట్లో తల్లీ బిడ్డే ఉంటారు. నాలుగు రోజులు ఎలాగోలా నెట్టుకొస్తే చాలు అనుకుంది. హాల్లో పాప సోఫా పట్టుకుని లేవగానే పిల్లలమ్మ చటుక్కున వెళ్లి, నడుం పట్టి, మెల్లగా కూర్చోబెట్టి, చేతికి బొమ్మ ఇచ్చేది. మళ్లీ లేచేది. మళ్లీ కూర్చోబెట్టేది. పిల్లకు కాళ్లలో దురద, ఈమెకు గుండెల్లో దడ. నడక మానిపిస్తే పిల్ల ఉసురు తగులుతుందని భయపడి, రోజుకు రెండుసార్లు బట్టలుతికే గదిలో ఆ ముచ్చట తీర్చేది. గోడ నుంచి బకెట్ దాకా. శుక్రవారానికి ఆరడుగులయ్యాయి.

సోమవారం పొద్దున గుమ్మంలోనే అడిగింది. "నిన్న పాప ఏం చేసిందమ్మా?"

"ఏం చేస్తుంది, ఇల్లంతా పాకింది," అంది తల్లి, చెవికి లోలాకు పెట్టుకుంటూ.

రెండో సోమవారమూ అదే జవాబు. ఆ రోజే హాల్లో పాప సోఫా పట్టుకుని లేచింది. లేచి, పిల్లలమ్మ వైపు చూసింది. ఆమె కదలకముందే తనంతట తనే కూర్చుని, బొమ్మ కోసం చెయ్యి చాపింది.

పిల్లలమ్మ బొమ్మ అందించింది. పదిమందిని నడిపించిన చేత్తో పదకొండోదానికి ఏం నేర్పిందో అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో నడిచేది ఆ చిన్న గదిలోనే, బకెట్ మీద మనిషి ఉంటేనే అని పిల్ల అనుకుంటోంది.

కూతురు విని తల కొట్టుకుంది. "చెప్పెయ్యమ్మా. నడుస్తోందని చెప్పెయ్. పోయేదేముంది?"

"రెండు వారాల కిందటే నడిచింది, మీరు లేరు అని చెప్పనా? మీ నాయనమ్మ చెప్పినట్టు?"

"ఆవిడ ఎత్తిపొడవడానికి చెప్పింది. నువ్వు మంచికి చెబుతావు."

"వినేదానికి తేడా ఏం ఉండదే."

ఈలోగా తల్లికి దిగులు పట్టుకుంది. ఆడపడుచు కూతురు పదకొండో నెలకే పరుగులు పెట్టిందట. డాక్టరు తొందరపడొద్దన్నాడు కానీ, తొందరపడొద్దన్న మాట విని ఏ తల్లి మనసు కుదుటపడింది? ఫోన్‌లో పాపను చూడటం ఎక్కువైంది. "ఆయమ్మా, కాస్త నిలబెట్టండి," అని పెద్దత్త రోజుకు నాలుగుసార్లు అడిగేది. పిల్లలమ్మ నిలబెట్టేది. పాప ఆమె మొహం చూసి కూర్చుండిపోయేది.

మూడో శనివారానికి పిల్లలమ్మ ఉపాయం ఆలోచించింది. తల్లి నాలుగింటికి వస్తుంది. పాపను ఒంటిగంటకే పడుకోబెడితే అప్పటికి హుషారుగా లేస్తుంది. ఒక గౌనుకు ఎంత ఉతికినా పోని మరక ఉంది. దాన్ని పక్కన తీసిపెట్టింది. "ఈ మరక ఓసారి చూడండమ్మా," అని తల్లిని ఆ గదిలోకి పిలవాలి. "వెలుతురు చాలదు, అలా కూర్చుని చూడండి," అని బకెట్ మీద కూర్చోబెట్టాలి. పాపను గోడ దగ్గర దింపి తను వంటింట్లోకి తప్పుకోవాలి. అంతే. నేల పొడిగా తుడిచింది. బకెట్ బోర్లించింది. దూరం కళ్లతో కొలుచుకుంది. ఆరడుగులు.

రెండింటికే తలుపు తాళం తిరిగిన చప్పుడైంది.

తల్లి లోపలికొచ్చింది. చేతిలో ఫోన్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంచి కింద పెట్టకుండానే ఫోన్ పిల్లలమ్మ మొహం ముందు పెట్టింది.

"ఇది పోయిన వారం మంగళవారం. ఇది బుధవారం. ఇది శుక్రవారం."

పిల్లలమ్మ తనను తాను పైనుంచి చూసుకోవడం అదే మొదటిసారి. వంగిన వీపు, నెరిసిన ముడి. ఒక ముసలామె గబగబా వచ్చి, లేచి నిలబడుతున్న పసిదాని నడుం పట్టి కిందికి లాగుతోంది. పసిది లేస్తుంది, ముసలామె లాగుతుంది. మళ్లీ, మళ్లీ. చెవిలో చెప్పిన మాటలు అందులో వినబడటం లేదు. ఆ ముసలామెను చూసి ఒక్క క్షణం పిల్లలమ్మకే ఒళ్లు మండింది.

"నా కూతురు నడవడం లేదని మూడు వారాలుగా నేను నిద్రపోవడం లేదు. నువ్వు నడవనివ్వడం లేదు."

తొమ్మిది నెలల్లో ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు.

"లేస్తే వెనకాల పరిగెత్తాలి. కూర్చుంటే నీకు హాయి. అవునా?"

"కాదమ్మా..."

"అయితే రోజూ రెండుసార్లు ఆ వెనక గదిలోకి ఎందుకు తీసుకెళ్తున్నావ్? గురువారం ఇరవై రెండు నిమిషాలు. అక్కడ కెమెరా లేదని నీకు తెలుసు. ఏం చేస్తున్నావ్ నా బిడ్డను?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట. చెబితే తన తప్పు సగం కడుక్కుపోతుంది. కానీ చెప్పిన మరుక్షణం ఈ పిల్లకు, అవును, పిల్లే, తన కూతురికంటే రెండేళ్లు చిన్నది, తొలి అడుగు పడిన ఆ మంగళవారం తెలిసిపోతుంది. తను ఆఫీసులో ఉన్న మంగళవారం. ఇక జన్మలో మర్చిపోదు. పిల్లలమ్మకు తన ఇంటి మెట్లు గుర్తొచ్చాయి.

"మోకాళ్లమ్మా," అంది. "నిలబడలేక, కాసేపు కూర్చుంటున్నా."

అది అబద్ధం కూడా కాదు. మొదట వెళ్లింది అందుకే.

తల్లి ఫోన్ దించింది. "కూర్చోవద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

అనలేదు. నిజమే. ఒంట్లో బాగాలేదా అని అడిగింది, అంతే.

"లేదమ్మా," అంది పిల్లలమ్మ.

తల్లి ఇక రావద్దంది. అన్నం డబ్బా, గొడుగు, మార్చుకునే చీర ఒక సంచిలో సర్దుకుంది. పాప పడకగదిలో నిద్రపోతోంది. తలుపు సందులోంచి కాలి మడమ ఒకటి కనబడింది. లేపలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, చూపు నేల మీదే ఉంచి అంది.

"రేపు పాపను ఆ వెనక గదిలోకి తీసుకెళ్లండమ్మా. గోడ దగ్గర దింపి, మీరు ఆ బకెట్ మీద కూర్చోండి. ఊరికే."

"ఎందుకు? ఏముందక్కడ?"

"ఏం లేదమ్మా. చల్లగా ఉంటుంది. పాపకి ఇష్టం."

తల్లి మొహంలో అనుమానం ఇంకా ముదిరింది. తల తిప్పి వంటింటి వైపు చూసింది. పిల్లలమ్మ గడప దాటింది.

ఆదివారం పొద్దున్నించీ ఆమె చెవులు కూతురి ఫోన్ మీదే ఉన్నాయి. తన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందులో బొమ్మలు రావు. ఆ ఇంటి తల్లి నంబరు కూతురి ఫోన్లోనే ఉంది.

"స్టేటస్ పెట్టిందేమో చూడవే."

"ఇందాకే చూశానమ్మా. ఏం లేదు."

"నడిస్తే పెట్టకుండా ఉంటుందా?"

"పనిలోంచి తీసేసినామె ఇంటి ముచ్చట నీకెందుకే?" అని కూతురు విసుక్కుంది. మళ్లీ తనే ప్రతి గంటకూ చూసింది. సాయంత్రం దాకా ఏమీ లేదు.

సోమవారం కొట్టు నుంచి వస్తూనే కూతురు ఫోన్ చాపింది. "ఇదిగో. నడిచింది."

పిల్లలమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. బట్టలుతికే గది. కానీ పైనుంచి కనబడుతోంది, కిటికీ మూల నుంచి. ఒక మూలగా ఆ రోజు తేదీ, పదకొండూ నలభై అని సమయం.

"పైనుంచి ఎలా తీసిందే?"

కూతురు తెర మీది తేదీని వేలితో చూపించింది. "తీయలేదమ్మా. అక్కడ కూడా పెట్టించింది. నాలుగో అత్త."

బొమ్మ కదిలింది. వంటింటి గుమ్మం దగ్గర కొత్తగా పనిలో చేరిన ఆయా పాదాలు రెండు మాత్రం కనబడుతున్నాయి. నిటారుగా నిలబడి ఉంది. పాప గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది. ఒకటి, రెండు. నాలుగో అడుగుకు కాస్త తూలి నిలదొక్కుకుంది. ఆరో అడుగుకు ఎర్ర బకెట్ చేరుకుని దాని మీద రెండు చేతులూ ఆనించింది. అరచేతుల్తో తట్టింది. మళ్లీ తట్టింది. తలెత్తి, బకెట్ పైన మనిషి ఉండాల్సినంత ఎత్తుకు చూసింది. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

కింద తల్లి రాసింది కూతురు చదివి వినిపించింది. "మా పాప తొలి అడుగులు! ఆఫీసులో ఉండి కూడా చూడగలిగాను."

"మళ్లీ పెట్టు," అంది పిల్లలమ్మ.

మళ్లీ చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇప్పుడైనా నిజం చెబుదామమ్మా. నేను రాస్తా. నీ మీద పడ్డ మచ్చ పోతుంది."

"తొలి అడుగులని రాసుకుందిగా. అలాగే ఉండనీ."

"మరి ఏమీ రాయొద్దా?"

పిల్లలమ్మ తెర మీది బకెట్ వైపు చూసింది. "కుళాయి కారుతుంది. బకెట్ దగ్గర నేల తడిగా ఉంటే పాప జారుతుంది, ముందు తుడిపించుకోమని రాయి."

కూతురు రాసింది. పంపింది. కాసేపటికి తల్లి చూసినట్టు రెండు గీతలు నీలంగా మారాయి. జవాబు రాలేదు.

"కూర్చోమ్మా," అంది కూతురు, స్టూలు ముందుకు జరుపుతూ. "ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నావు."

"ఆఁ, కూర్చుంటా," అంది పిల్లలమ్మ. అని, ఫోన్ వెలుగు ఆరిపోయేదాకా అలాగే నిలబడి ఉంది.